శృంగవరపుకోట కొండ కింద ఆపిల్: అన్నా, డోర్సెట్ గోల్డెన్, హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 రకాలలో ఏది నయం?

కొండకింద రైతు, శృంగవరపుకోట (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది శృంగవరపుకోట మండలంలో అనంతగిరి కొండల అడుగున ఉన్న ఎర్ర గరప నేల. సువర్ణరేఖ, బంగినపల్లి కలిసిన పాత మామిడి తోట, గట్టు వెంబడి కొంత జీడి ఉన్నాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు తోటలో ఒక పక్క చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. అప్పటి నుంచి ఆ జాగాలో అపరాలు చల్లుకోవడం తప్ప మరేమీ చేయలేదు. బోరు ఉంది, డ్రిప్పు గొట్టాలు ఆ పక్కకు లాగడం కష్టం కాదు.

ఈ మధ్య ఒక నర్సరీ వారు వచ్చి, మన వేడికి తట్టుకునే ఆపిల్ అంటు మొక్కలు ఉన్నాయని చెప్పి అన్నా, డోర్సెట్ గోల్డెన్, హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 అనే మూడు రకాల పేర్లున్న కరపత్రం ఇచ్చి వెళ్లారు. నలభై అయిదు డిగ్రీల ఎండలో కూడా కాస్తుందని, మూడో ఏటి నుంచి కాపు వస్తుందని, కాయ కాశ్మీరు ఆపిల్‌లా ఎర్రగా ఉంటుందని అందులో ఉంది. మూడు రకాలకూ ఒకే బొమ్మ వేశారు కాబట్టి ఆ కరపత్రాన్ని పట్టుకుని ఏదీ తేల్చుకోలేకపోతున్నాను.

నేను తెలుసుకోదలచినవి మూడు విషయాలు. చెట్టు పెరుగుదలలో ఈ రకాల మధ్య తేడా ఎంత, కాపు దేనికి ఎక్కువ, కాయకు రంగు దేనికి బాగా వస్తుంది? రంగు సంగతి నాకు ముఖ్యం. మా తోట అరకు వెళ్లే దారికి దగ్గరలో ఉంది, పర్యాటకుల కార్లు ఆగే చోట బుట్టలో పెట్టి అమ్ముకోవాలన్నది ఆలోచన. అక్కడ కాయను ముందు కొనేది కన్ను. మా చిన్నాన్న గారు మాత్రం ఈ గొడవంతా మాని సువర్ణరేఖ అంట్లే మళ్లీ నాటమంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

రాజాం మాజీ హవల్దారు

బాబూ, మా శ్రీకాకుళం వైపు సైన్యంలో పనిచేసి వచ్చినవారు లేని ఊరు అరుదు కాబట్టి ఆపిల్ తోటలను దగ్గరగా చూసినవారికి ఇక్కడ కొదవ లేదు, నేనూ అందులో ఒకడిని. ఉద్యోగరీత్యా హిమాచల్‌లో ఉన్న కాలంలో సిమ్లా పై కొండల తోటల రైతులతో బాగా పరిచయం ఉండేది. మీరు అడిగిన మూడు రకాలూ ఆ ఎత్తులోనివి కావు, వాటి గురించి తెలిసినవారు వేరే చెబుతారు. అక్కడివారు రకాలను ఎలా పోల్చుకుంటారో చెబితే మీకు పనికి వస్తుందని రాస్తున్నాను.

ఆ కొండలలో ఆపిల్ వ్యాపార పంటగా నిలదొక్కుకోవడానికి కారకుడు శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా దేశస్థుడు. ఆయన కోట్‌గఢ్‌లో స్థిరపడి, తరువాత సత్యానంద స్టోక్స్‌గా పేరు మార్చుకుని, 1916 ప్రాంతంలో డెలిషస్ రకం మొక్కలను అమెరికా నుంచి తెప్పించి నాటించారు. ఇప్పటికీ ఆ ప్రాంతపు పాత తోటలలో ఎక్కువగా కనిపించేవి ఆ వంశానికి చెందిన రాయల్ డెలిషస్ వంటి రకాలే. విత్తనపు మొక్క మీద అంటు కట్టిన రాయల్ చెట్టు మన మామిడికి మించకపోయినా బాగానే పెరుగుతుంది, సరైన కాపుకు రావడానికి ఆరేడేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. అదే వంశంలో కణుపులు దగ్గరగా ఉండి, కాపు కొమ్మలు పొట్టిగా, గుబురుగా వచ్చే రకాలు తరువాత వచ్చాయి. వాటి చెట్టు చిన్నది, కాపు త్వరగా మొదలవుతుంది, కాయ రంగు ముదురు ఎరుపు. మామూలు చెట్టు ఒకటి నాటే చోట ఇవి ఎక్కువ పడతాయి కనుక, చెట్టు లెక్కన కాపు తక్కువ కనిపించినా ఎకరం లెక్కన చూస్తే మాట మారిపోతుంది.

అయితే అక్కడి రైతు దగ్గర ఏదైనా రకాన్ని మెచ్చుకుంటే అతను ముందుగా అడిగేది 'ఏ వేరు మీద కట్టారు' అని. పైన ఉన్న రకం ఏదైనా, కింద వేరునిచ్చే మొక్క పొట్టిదైతే చెట్టు పొట్టిగానే ఉంటుంది. ఎమ్-9 అనే ఇంగ్లండు వేరుమొక్క మీద కడితే చెట్టు మనిషి చేతికి అందేంత ఎత్తులోనే ఉండి రెండు మూడేళ్లలో కాయ చూపిస్తుంది, కానీ దాని వేళ్లు బలహీనం కావడంతో జీవితాంతం గుంజో తీగ పందిరో ఆసరాగా ఉండాలి. మీ చేతిలోని కరపత్రంలో వేరుమొక్క పేరు లేకపోతే, మూడో ఏట కాపు అన్న మాటకు విలువ ఎంతో మీరే ఊహించుకోండి.

రంగు గురించి ఒక్క మాట. ఒకే కొమ్మ మీది రెండు కాయలలో ఎండ తగిలినది ఎర్రగా, నీడలోది పచ్చగా ఉండడం అక్కడ నిత్యం చూసేదే. ఒక ఆకు కాయకు అంటుకుని ఉండిపోతే, కోసేనాటికి ఎర్రటి తొక్క మీద ఆ ఆకు ఆకారం, ఈనె అంచుతో సహా, లేత పసుపు మచ్చగా అచ్చుపడి ఉంటుంది. అందుకే కోతకు ముందు కాయల చుట్టూ అడ్డొచ్చే ఆకులను కొందరు చేత్తో తుంచేస్తారు. ఇంకొక సంగతి, ఆగస్టు దాటి రాత్రులు చల్లబడిన తరువాతే పై కొండల కాయకు ఆ నిగారింపు వస్తుందని వాళ్లు అనేవారు. మన శృంగవరపుకోటలో ఆ రాత్రులు ఎక్కడివి?

ఉద్యానశాస్త్రం చదివినవారు, విజయనగరం

హవల్దారు గారు చివరలో అడిగిన ప్రశ్నలోనే ఈ చర్చకు అసలు కీలకం ఉంది. కరపత్రాలన్నీ పగటి ఎండ గురించే మాట్లాడతాయి. ఆపిల్ విషయంలో మన ప్రాంతానికి అడ్డు తగిలేది పగటి ఎండ కంటే ముందుగా రాత్రి చలి లేకపోవడం. నలభై అయిదు డిగ్రీలు తట్టుకుంటుంది అన్న మాట నిజమే కావచ్చు, కానీ అది మే నెలకు సంబంధించిన జవాబు. మీరు అడగవలసిన ప్రశ్న డిసెంబరు, జనవరి నెలల గురించి.

ఆపిల్ ఆకు రాల్చి నిద్రపోయే చెట్టు. ఆ నిద్ర తీరి మొగ్గలు ఒక్కసారిగా మేలుకోవాలంటే ఏడు డిగ్రీల దరిదాపుల్లో లేదా అంతకంటే కింద కొన్ని వందల గంటలు గడవాలి, వీటినే చలి గంటలు అంటారు. డెలిషస్ వంటి పాత రకాలకు ఇవి సుమారు వెయ్యి కావాలి. అన్నాకు రెండు వందల నుంచి మూడు వందలు, డోర్సెట్ గోల్డెన్‌కు వంద లేదా అంతకంటే తక్కువ చాలని చెబుతారు. విజయనగరం మైదానంలో జనవరి రాత్రులు సాధారణంగా పదిహేను డిగ్రీల పైనే ఉంటాయి కాబట్టి, ఆ లెక్కన మనకు వచ్చే చలి గంటలు సున్నా. మీ కొండ అడుగున మరో రెండు మూడు డిగ్రీలు తగ్గినా ఫలితం మారదు, ఎందుకంటే మరునాటి పగలు ఇరవై ఎనిమిదికి చేరితే రాత్రి కూడబెట్టిన కాస్త చలిని కూడా ఆ వేడి చెరిపేస్తుంది.

ఇప్పుడు మూడు రకాలను విడివిడిగా చూద్దాం. అన్నా ఇజ్రాయెల్‌లోని ఐన్ షెమెర్‌లో రూపుదిద్దుకున్న రకం, గోల్డెన్ డెలిషస్ దాని తల్లిదండ్రులలో ఒకటి. చెట్టు నిటారుగా, జోరుగా పెరుగుతుంది, చిన్న వయసులోనే పూత పడుతుంది. కాయ పొడవాటిది, పసుపు-పచ్చ తొక్క మీద ఎండ వైపు ఎరుపు, తినడానికి కరకరలాడుతూ తీపి పులుపు కలిసి ఉంటుంది. నిల్వ గుణం మాత్రం తక్కువ, చల్లని చోట పెడితే తప్ప త్వరగా మెత్తబడుతుంది. దీనికి పరపరాగం, అంటే వేరే రకం చెట్టు పుప్పొడి, కావాలి, పక్కన డోర్సెట్ గోల్డెన్ గానీ ఐన్ షెమెర్ అనే రకం గానీ లేకపోతే కాపు పలచబడుతుంది.

డోర్సెట్ గోల్డెన్ బహామా దీవులలో, అంటే మంచు ఎరుగని సముద్రపు గాలిలో, విత్తనం నుంచి మొలిచి ఎంపికైన రకం. మూడింటిలో మన వాతావరణానికి పుట్టుకరీత్యా దగ్గర చుట్టం ఇదే. కొంతవరకు తన పుప్పొడితో తానే కాయ పట్టగలదు. కాయ బంగారు పసుపు, ఎండ తగిలిన చోట లేత గులాబి ఛాయ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ విత్తనపు మొక్కల నుంచి ఎంచి పెంచిన రకం, ఆయనకు 2025లో పద్మశ్రీ లభించింది. ఆపిల్ అంటే ఎత్తయిన కొండలే అన్న అభిప్రాయాన్ని కదిలించిన పని అది, అందులో సందేహం లేదు. కాయ జూన్‌లో వస్తుంది, పసుపు మీద ఎరుపు చారలు, ఛాయ ఉంటాయి. కానీ బిలాస్‌పూర్ వేసవిలో ఎంత వేడెక్కినా శీతాకాలపు రాత్రులు మన ఊహకు అందనంత చల్లగా ఉంటాయి. అలాగే తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో ఆపిల్ కాసిందని 2020లో వార్తలు వచ్చాయి. ఆ జిల్లాలో చలికాలపు రాత్రి ఒక అంకె డిగ్రీలకు దిగడం మామూలు. ఆ రెండు చోట్ల కాసిందని ఇక్కడ కూడా కాస్తుందనుకోవడం, లంబసింగిలో పొగమంచు కురిసిందని విజయనగరం కోట దగ్గర స్వెట్టరు వేసుకోవడం వంటిది.

చలి తీరని చెట్టు చచ్చిపోదు. బాగా పెరుగుతుంది కూడా. ఆ పెరుగుదలే మోసం చేస్తుంది. కొమ్మల చివరి మొగ్గలు మాత్రమే మేలుకుని కొరడాల్లాగా పైకి సాగిపోతాయి, కింది పక్క మొగ్గలు మూసుకునే ఉండిపోవడంతో కొమ్మ మూర మూరన బోసిగా ఉంటుంది. పూత ఒక్కసారి రాకుండా, ఇవాళ నాలుగు పూలు, మరో నెలకు ఇంకో నాలుగు అన్నట్టు చెదిరిపోతుంది. అన్నా పూసినప్పుడు డోర్సెట్ పూయదు, డోర్సెట్ పూసేసరికి అన్నా పూత రాలిపోతుంది. అందుచేత పెరుగుదల చూసి రకం మంచిదని తీర్పు చెప్పకూడదు.

రంగు సంగతికి వద్దాం. తొక్కలోని ఎరుపు ఆంథోసయనిన్ అనే వర్ణద్రవ్యం వల్ల వస్తుంది, అది తయారు కావాలంటే వెలుతురు, చల్లని వాతావరణం రెండూ ఉండాలి. వెలుతురు మనకు కావలసినంత ఉంది. రాత్రి వేడిగా ఉంటే మాత్రం ఎర్ర రకం కూడా వెలిసిపోయినట్టే ఉంటుంది, యూరియా ఎక్కువైతే ఆకు గుబురు పెరిగి ఉన్న రంగు కూడా తగ్గుతుంది. హిమాచల్‌లో అన్నా ఎంత ఎర్రగా ఉన్నా, మే నెల ఉక్కలో మీ దగ్గర పండేది దాని బొమ్మలా ఉండదు. కాబట్టి నా మట్టుకు నేను, మూడింటిలో ఒకటి ఎంచమంటే డోర్సెట్ గోల్డెన్‌నే ఎంచుతాను. పసుపు రావడానికి చలి అక్కరలేదు, బుట్టలోని పసుపు కాయను పసుపు కాయగానే అమ్ముకోవచ్చు. వెలిసిన ఎరుపును మాత్రం కొనేవాడు పచ్చికాయ అనుకుంటాడు.

పెరటి తోట, బొబ్బిలి

పై వ్యాఖ్యలన్నీ చదివాక కొంచెం అభ్యంతరం చెప్పాలనిపించింది. మా బంధువుల పెరట్లో హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 మొక్క ఉంది. అది కాయలు కాసింది, నేను తిన్నాను. చిన్న కాయలే, ఎరుపు ఒక పక్కన ఉండీ లేనట్టు ఉంది, కానీ ఆపిల్ రుచికి లోటు లేదు. కాయదు కాయదు అని చదువుకున్నవారు భయపెడితే రైతు కొత్త పంట వైపు ఎప్పుడు చూస్తాడు? పైగా ఇండోనేషియాలో, భూమధ్యరేఖకు దగ్గరలో, శీతాకాలమే లేని చోట ఆపిల్‌ను వ్యాపార పంటగా పండిస్తున్నారని చదివాను. అక్కడ కాసినది ఇక్కడ ఎందుకు కాయదో ఉద్యానశాస్త్రం వారు వివరించాలి.

ఉద్యానశాస్త్రం చదివినవారు, విజయనగరం

అభ్యంతరం న్యాయమైనదే, అందుకే కొంచెం విపులంగా రాస్తాను. మీరు చెబుతున్నది తూర్పు జావాలోని బాటు, మలాంగ్ ప్రాంతం. అక్కడ రోమ్ బ్యూటీ, మనలాగి, అన్నా రకాలను పండిస్తారు, ఏడాదికి రెండు కాపులు కూడా తీస్తారు. చలి లేకుండా ఇది సాధ్యం కావడానికి కారణం, వాళ్లు చెట్టును నిద్రలోకి పోనివ్వరు. కోత అయిన కొద్ది వారాలకే చెట్టు మీది ఆకునంతా చేత్తో దూసేస్తారు. మొగ్గ అప్పటికే తయారై ఉంటుంది, కానీ గాఢనిద్రలోకి జారి ఉండదు. ఆకు పోగానే, కొమ్మలను పక్కలకు వంచి కట్టడంతో, మొగ్గలు దాదాపు ఒకేసారి విచ్చుకుంటాయి. చలి గంటల లెక్కను తీర్చడం కాదు ఇది, ఆ లెక్క అవసరం రాకముందే చెట్టును మళ్లీ లేపడం.

ఈ పద్ధతి మన రైతుకు కొత్తేమీ కాదు. జామకు నీళ్లు ఆపి, ఆకు రాల్చి, కాపును మనకు కావలసిన కాలానికి తిప్పుకోవడం అందరికీ తెలిసినదే. ఆపిల్‌కు కూడా ప్రయత్నించవచ్చు. కానీ బాటు తోటలు సముద్ర మట్టానికి ఏడు వందల నుంచి పన్నెండు వందల మీటర్ల ఎత్తులో ఉన్నాయి. ఏడాది పొడవునా అక్కడ పగలు మన నవంబరు మాదిరిగా ఉంటుంది. మనకు ఆ ఎత్తు కావాలంటే అనంతగిరి, అరకు వరకు పోవాలి. శృంగవరపుకోట కొండ అడుగున మే నెల వడగాలికి కాయ తొక్క పడమటి వైపు కమిలి గోధుమ మచ్చలు పడుతుంది, ఆకు దూసిన చెట్టుకైతే కాయకు నీడే ఉండదు.

ఇక పెరటి చెట్టు కాయడం గురించి. చెదిరిన పూతలో కొన్ని కాయలు నిలవడం నేను కాదనలేదు. కాయ కాయడం వేరు, కాపు రావడం వేరు. అందుకే ఆపిల్ రకాలను పోల్చే పరిశోధన కేంద్రాలలో చెట్టుకు ఎన్ని కిలోలు అని ఒక్క అంకెతో ఊరుకోరు, చెట్టు సైజును బట్టి కాపును లెక్క కడతారు. మీరూ సులువుగా చేయవచ్చు. అంటు కట్టిన చోటుకు జానెడు పైన కాండం చుట్టూ దర్జీ టేపు పెట్టి చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకోండి. దాన్ని దానితోనే గుణించి 12.57తో భాగిస్తే కాండం అడ్డుకోత వైశాల్యం వస్తుంది. చుట్టుకొలత 20 సెంటీమీటర్లు అయితే 400ను భాగించగా సుమారు 32 చదరపు సెంటీమీటర్లు. ఆ చెట్టు ఎనిమిది కిలోలు కాస్తే, చదరపు సెంటీమీటరుకు పావు కిలో కాపు అన్నమాట. ఏటేటా కాండం లావెక్కుతూ ఈ అంకె పెరగకపోతే, చెట్టు మీ గెత్తం, మీ నీరు తిని కట్టె మాత్రమే చేస్తోందని అర్థం. బొబ్బిలి వారు తమ బంధువుల చెట్టుకు ఈ లెక్క వేసి ఇక్కడ రాస్తే మా అందరికీ ఉపయోగం.

రంగుకు కూడా కంటి అంచనా కాకుండా, కోసిన కాయలను తొక్కలో పావు వంతు లోపు ఎరుపు, సగం లోపు, ముప్పావు లోపు, ఆపైన అని నాలుగు కుప్పలు పోసి తూకం వేస్తే సరిపోతుంది. చెట్టు పై భాగం నుంచి, లోపలి నీడ నుంచి కోసినవి కలపకుండా చూడాలి, లేకపోతే రకం తేడాను, ఎండ తేడాను విడదీయలేము.

మామిడి మేస్త్రి, పార్వతీపురం

ఉద్యానశాస్త్రం వారు చెప్పినది వింటుంటే రంగు విషయంలో మామిడికీ ఇదే నడక అనిపించింది. సువర్ణరేఖ భుజం మీది ఎరుపు కూడా ఎండ తగిలిన వైపే వస్తుంది, గుబురు లోపలి కాయ పసుపుగానే పండుతుంది. అదే తోటలో బంగినపల్లి ఎంత ఎండలో ఉన్నా ఎర్రబడదు, దానికి ఆ గుణం లేదు. కాబట్టి రకం గుణం ముందు, ఎండ తరువాత. తేడా ఏమిటంటే, మన ఉక్కలోనే పుట్టి పెరిగిన సువర్ణరేఖ ఎర్రబడడానికి చల్లని రాత్రి కోసం ఎదురుచూడదు. ఉత్తరాది వ్యాపారులు మన కాయ కోసం రావడానికి ఆ రంగు, అది ముందుగా రావడం, ఈ రెండే కారణాలు. ప్రశ్న అడిగిన బాబుకు బుట్టలో ఎర్రటి కాయే కావాలంటే చిన్నాన్న గారి మాట తీసి పారేయదగినది కాదు.

అయినా ఆపిల్ పెట్టాలనుకుంటే రెండు విషయాలు. ఒకటి, హవల్దారు గారు చెప్పిన ఎమ్-9 వేరు మన జిల్లాలకు వద్దు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చి, బలమైన వేళ్లున్న జీడి, కొబ్బరి చెట్లనే కూల్చాయి. ఆసరా లేకుండా నిలబడలేని చెట్టును తుఫాను దారిలో పెట్టి ఏం లాభం? రెండు, మొక్క కొనేటప్పుడు అంటు అతుకు కింద నుంచి వచ్చిన చిగురే మొక్కగా ఎదిగిందేమో చూసుకోవాలి. అలాంటివి అమ్మేవారు ఉన్నారు. అతుకు కనబడని మొక్కకు ఏ రకం పేరు చీటీ కట్టినా ఒకటే.

కొండకింద రైతు, శృంగవరపుకోట

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నర్సరీ వారికి ఫోను చేసి వేరుమొక్క ఏదని అడిగితే 'మంచి వేరేనండీ' అన్నారు తప్ప పేరు చెప్పలేదు, అక్కడ కొనే ఆలోచన మానుకున్నాను. చిన్నాన్న గారితో మాట్లాడి, ఖాళీ జాగాలో చాలా భాగం సువర్ణరేఖకే కేటాయించి, తూర్పు పక్కన ఒక్క వరుస మాత్రం ఆపిల్‌కు ఉంచుకుందామని అనుకున్నాము. ఆ వరుసలో మూడు రకాలూ పోల్చి చూడాలన్నదే కోరిక. ఏ వేరుమొక్క అడగాలి, ఎలా నాటాలి, రకాలను ఏ క్రమంలో పెట్టాలి? చివరగా ఇది ఒక్కటి చెప్పండి.

ఉద్యానశాస్త్రం చదివినవారు, విజయనగరం

తూర్పు పక్క మంచి ఎంపిక. పొద్దుటి ఎండ కాయకు రంగునిస్తుంది, మధ్యాహ్నం తరువాత మామిడి నీడ వడదెబ్బ నుంచి కాపాడుతుంది. వేరుమొక్క ఎమ్‌ఎమ్-111 అని పేరు పెట్టి అడగండి. అది చెట్టును మరీ పొట్టి చేయదు, వేళ్లు పట్టు గలవి, నీటి ఎద్దడికి ఓర్చుకుంటుంది, వేళ్లకు పట్టే దూది పేను బెడద కూడా దానికి తక్కువ. ఎమ్‌ఎమ్-106 ఇస్తామంటే వద్దనండి, వానాకాలంలో నీరు నిలిచే చోట దాని మొదలు కుళ్లుతుంది.

చెట్టుకూ చెట్టుకూ నాలుగు మీటర్లు ఉంచి, మొదట డోర్సెట్, తరువాత అన్నా, మళ్లీ డోర్సెట్, దాని పక్కన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 పెట్టి, ఇదే క్రమాన్ని మరోసారి వరుసగా కొనసాగించండి. ఏ రకమూ ఒకే మూలకు పరిమితం కాకుండా ఉంటే నేల తేడా లెక్కలో దొర్లదు, పైగా అన్నాకు ఇరువైపులా డోర్సెట్ పుప్పొడి అందుతుంది. గుంత చుట్టూ మట్టి ఎగదోసి కాస్త ఎత్తు మీద నాటండి, అతుకు నేలకు జానెడు పైనే ఉండాలి. మట్టి అతుకును కప్పితే పై రకమే వేళ్లు దింపి, వేరుమొక్క కోసం మీరు పెట్టిన డబ్బు వృథా అవుతుంది. ఫిబ్రవరి చివరిలోపు కాండానికి సున్నం పూయండి. నిటారు కొమ్మలను మొదటి ఏటి నుంచే కొబ్బరి తాడుతో పక్కలకు వంచి కట్టండి, మొదటి రెండేళ్లు వచ్చిన పిందెలను తుంచేయండి.

ఆకు దూయడం మూడో ఏటి నుంచి, అదీ వరుసలో సగం చెట్లకు మాత్రమే చేయండి. ప్రతి రకంలోనూ దూసినది, దూయనిది ఉంటేనే ఆ పని వల్ల కాపు వచ్చిందో, రకం వల్ల వచ్చిందో తెలుస్తుంది. వానలు వెనుకపట్టాక, నవంబరు మొదటి పక్షంలో చేస్తే తుఫాను గండం చాలావరకు దాటుతుంది, కాయ కూడా మే ఎండలు ముదరకముందే ఎదిగే వీలుంటుంది. చుట్టుకొలత తీసే చోట కాండం మీద తెల్ల రంగుతో గీత పెట్టుకుని, ఏటా డిసెంబరులో ఆ గీత మీదనే టేపు పెట్టండి.